వాయిదా బటన్

మార్చి 4
బావ పోయి పందొమ్మిది రోజులు. ఆఫీసుకు వెళ్లాను. ఏడుపు రాలేదు. ఆకలి వేసింది, అంతే.

మార్చి 5
అక్క కూడా ఏడవలేదు. తిడుతోంది. గుండెలో వాల్వు వేయించుకున్న మనిషి రక్తం పలచబరిచే మందు సరిపోతోందో లేదో చూసే రక్తపరీక్షకు నెలనెలా వెళ్లాలా వద్దా, రెండు వారాలు వాయిదా వేసుకుని ఆ సంగతే మర్చిపోయాడు మతిమరుపు మహారాజు, వాల్వులో రక్తం గడ్డకట్టి ప్రాణం మీదికొచ్చింది, అంది. తను గుర్తు చేస్తే, మా మరదలు పంపే మెసేజ్ రానీ, అప్పుడు కదులుతా అనేవాడట. మెసేజ్ వచ్చినా మర్చిపోయాడనే అక్క నమ్మకం.
బావ పరీక్షకు వెళ్లే క్లినిక్‌కు సాఫ్ట్‌వేర్ రాసేది మా టీమే. పరీక్షకు ముందురోజు దాన్నుంచి మెసేజ్ వెళ్లాలి. వెళ్లిందా?

మార్చి 6, ఉదయం 11
వెళ్లలేదు.
కోడ్ తెరిచాను. పేషెంటు ఫోన్‌లో వాయిదా బటన్ నొక్కితే పరీక్ష తేదీకి పద్నాలుగు రోజులు కలిపే లైను ఉంది. కలిపినంత మాత్రాన పాత తేదీ మారదు. కొత్త తేదీ ఒకటి చేతికొస్తుంది, దాన్ని దాచుకోవాలి. దాచలేదు. స్క్రీన్ మీద వాయిదా పడిందని వస్తుంది, లోపల పాత తేదీ అలాగే ఉంటుంది. గడిచిపోయిన తేదీకి మెసేజ్ వెళ్లదు. కొత్తగా చేరినవాళ్లకు మొదటి వారమే ఈ పాఠం చెప్తాం. చెప్పేది నేనే.
ఆ లైను రాసిందీ నేనే.

మార్చి 6, మధ్యాహ్నం 3
సరిచేశాను. ఇలాగే వాయిదా వేసుకున్నవాళ్లు ఇంకా పదకొండు మంది. జాబితా పంపితే క్లినిక్ వాళ్లు ఫోన్లు చేశారు. అందరూ బాగానే ఉన్నారట. మంచి బగ్ పట్టావని మేనేజర్ మెచ్చుకున్నాడు. దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాను.

మార్చి 9
అక్కకు చెప్పలేదు.

మార్చి 12
అక్క బావ చొక్కాలు మడతపెడుతోంది. ఒక్కో జేబూ వెతుకుతూ ఒక్కో తిట్టు. నాకిక నువ్వే దిక్కు అంది. నాకు మాత్రం ఎవరున్నారు? చెబితే అక్క నాకు దూరమవుతుంది. చెప్పకపోతే బావ చచ్చి కూడా తిట్లు తింటూనే ఉంటాడు.

మార్చి 14, సాయంత్రం 5
చెప్పేశాను. చెప్పులు కూడా విప్పలేదు. బటన్, లైను, మెసేజ్, రాసింది నేనేనని, అన్నీ. నా మాటలే ఎవరో చదివి వినిపిస్తున్నట్టు ఉన్నాయి.  అయితే ఆయన మర్చిపోలేదా అని అక్క అడిగింది. లేదన్నాను. మెసేజ్ కోసం చూస్తూ ఉన్నాడా అంది. అవునన్నాను.

మార్చి 15
అక్క ఫోన్ చేసింది. పొద్దున్నుంచీ ఏడుస్తున్నానని చెప్పింది. నన్ను ఇక ఇంటికి రావద్దంది.
సరే అన్నాను.