ఆదివారం నేను వచ్చిన

జగిత్యాల, బుధవారం

అక్కా, నీ తమ్ముడు శ్యాంసుందర్ దండాలు. స్కూల్ల ఫుట్‌బాల్ కోచ్ పని మంచిగనే నడుస్తుంది, రంది పడకు.

ఆదివారం ఇంటికి రాలేదని ఫోన్ల కోపానికొచ్చినవ్. నేను వచ్చిన అక్కా. సిరిసిల్ల బస్టాండ్ల దిగి మన గల్లీ దాక నడిచిన. ఇంటింటికి బట్ట నేసే సాంచెలు నడుస్తున్నయ్. అండ్ల మన ఇల్లు ఏదో గుర్తుకు రాలే. మనం పుట్టిన ఇల్లు. నీకు ఫోన్ చేసి అడుగుదామన్నా సిగ్గైంది. గంటసేపు నిలవడి వాపస్ బస్సెక్కిన.

పదిహేనేండ్లు కలకత్త క్లబ్బుల ఆడుకుంట తలతోని కొట్టిన బంతులే గిట్ల చేసి ఉంటయని డాక్టర్ అంటుండు. నీ బిడ్డ హర్షితకు తలతోని కొట్టుడు నేర్పింది నేనే. ఇయ్యాల్నే మాన్పియ్యి. దానికి నా మీద కోపమొస్తే రానియ్యి.

అవ్వ కండ్ల ఆపరేషన్ ఎప్పుడు? ఈ కార్డు అవ్వకు చదివి వినిపియ్యకు. బావకు దండాలు, హర్షితకు దీవెనలు.

ఫోన్ల ఏం చెప్పిననో యాది ఉంటలేదు, అందుకే కార్డు రాస్తున్న. గిదే సంగతి రాసిన కార్డు నీకు ఇంతకుముందే వచ్చి ఉంటే, దాయకుండ చెప్పు.