గొలుసు కాదు, గాజుగుడ్డ

చెల్లాయ్,

నువ్వు పోయి నేటికి ఏడాది. పిచ్చివాళ్లను గుళ్లలో గొలుసులతో కట్టొద్దని మనతో ఊరూరా తిరిగిన డాక్టరే, జబ్బుచేసి చేరిన నిన్ను తన ఆస్పత్రి మంచానికి గాజుగుడ్డతో కట్టించి ఇంజక్షన్ చేశాడు. గొలుసైతే మూఢత్వం, గాజుగుడ్డైతే వైద్యమా? కట్లు విప్పాక నువ్వన్నది ఒక్కటే మాట: “నన్నడిగితే నేనే చెయ్యి చాపేదాన్ని కదన్నయ్యా!”

ఇవాళ రాజమండ్రి సభలో ఆయనకు శాలువా కప్పారు. “రోగిని అడగకుండా ముట్టుకోవడం నేరం” అన్నాడు. చప్పట్లే చప్పట్లు. సభ అయ్యాక నిలదీశాను: “మా చెల్లిని అడిగారాండీ?”

“మనవాళ్లే కదా అని చొరవ తీసుకున్నానండీ” అని నవ్వాడు. “అన్నట్టు, చెల్లాయిగారు కులాసాయేనా?”

నిన్ను అడగాలని ఆయనకు ఇప్పటికి తోచింది.

అన్నయ్య