ఊరి గానుగ ఆగిపోయింది

ఆదివారం, మధ్యాహ్నం

పూజ్యులు బావగారికి నమస్కారాలు. అక్క, చంటిది కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ అమ్మ బాగానే ఉంది. బాగోనిదల్లా మన గానుగే. నిన్న ఆపేశాం. ఇకమీదట నూనెకి ఆర్డరు పంపకండి.

మన చేలో పండిన వేరుశెనగ మన ఊళ్ళోనే నూనె కావాలి, చెక్క మన గేదెలకే చేరాలి, లాభం పొలిమేర దాటకూడదు అని గొంతు చించుకున్నాను. కరపత్రాలు మింగి మాట్లాడుతున్నావని మీరే నవ్వారు. అయినా కొన్ని కుటుంబాలు నన్ను నమ్మి సంఘంలో చేరి గింజలు తెచ్చి పోశాయి.

తీరా కొనేదెవరు? కిరాణా కొట్టాయన మన సీసాలు వెనక అరలోకి నెట్టి, నీ నూనె ఉపన్యాసం వాసన వేస్తోందిరా అంటాడు. మన చేలకి ఎదురుగా ఉన్న హాస్టలు వార్డెనేమో లారీలో వచ్చే ప్యాకెట్లకే సంతకం పెట్టాడు. సంఘంలోంచి ముందు జారుకున్నది సొంత బాబాయే. పంట చేలో ఉండగానే దళారికి మాటిచ్చేశాడు. నిలదీస్తే, నీ సిద్ధాంతం నా పిల్లల ఫీజు కడుతుందా అన్నాడు. నేనన్నవి ఇక్కడ రాయను, ఈ ఉత్తరం అక్క కూడా చదువుతుంది కదా.

ఇన్నాళ్ళూ గానుగ తిరిగింది మీ ఆర్డరు మీదే. ఆఫీసులో అడిగి మరీ తీసుకుంటున్నారని మీరు రాసినప్పుడల్లా సంఘం వాళ్ళని కూర్చోబెట్టి చదివి వినిపించేవాణ్ణి. అమ్మయితే, పట్నంలో ఎగబడుతున్నారట, మనకేం భయం అనేది.

మోటారు విప్పి అమ్మేస్తున్నాం. రేపట్నుంచి ఆ దళారి గోదాములోనే కాటా దగ్గర నా పని. తిట్టాలనిపిస్తే తిట్టండి.

ఇట్లు,
మీ కోపిష్టి బావమరిది

తా.క. అసలు సంగతి దాచి కవరు అంటించబోయాను, చెయ్యి రాలేదు. మొన్న మీరు ఆఫీసులో ఉండగా సీసాలు మీ ఇంటికి నేనే తెచ్చాను. గుమ్మంలోనే పసిగట్టాను, పొయ్యి మీద కాగుతున్నది ప్యాకెట్ నూనె అని. మంచం కింద మన సీసాలు గోడదాకా ఉన్నాయి, ఒక్కదానికీ మూత తియ్యలేదు. ఆఫీసులో ఎవరూ తీసుకోలేదట, చంటిదానికేమో ఆ వాసన పడదట. నీకు చెప్పొద్దన్నార్రా అని అక్క ఏడ్చింది. తనని ఏమీ అనకండి. మీ మీద నాకు కోపం రాలేదు బావా. కాస్తయినా వచ్చుంటే, ఆ పంతంతోనే గానుగ మళ్ళీ తిప్పేవాణ్ణి.