నా అసూయ పూర్తిగా లౌకికమైనది

కుప్పం,
ఆగస్టు, ఆదివారం

నాన్నకు,

రేవతి రాస్తున్నది. నేను బాగున్నాను. నువ్వెలా ఉన్నావని అడిగితే బాగున్నానని అబద్ధం చెప్తావు కాబట్టి అడగడం లేదు.

నా ఫోన్ మోగడం లేదని వార్డెన్‌కి ఫోన్ల మీద ఫోన్లు చేశావట. ఆమె భయపడి నా గదికొచ్చి, నేను అన్నం తింటుంటే చూసి వెళ్ళింది. నా ఫోన్ మెహ్‌నాజ్ మేడమ్ బీరువాలో ఉంది. ఆమె మా యూనివర్సిటీలో కౌన్సెలర్. అమ్మ పోయాక పోయిన సెమిస్టర్‌లో పరీక్ష హాలు గుమ్మం దాకా వెళ్ళి తిరిగొచ్చేశాను కదా, అప్పటినుంచి ఆమె దగ్గరికి వెళ్తున్నాను. ఈసారి కూడా రాయకపోతే ఏడాది పోతుంది. అందుకని నేనే అడిగి ఫోన్ ఇచ్చేశాను, పరీక్షలయ్యాక తీసుకుంటాను.

ఆమె చెప్పినవి పెద్ద పనులేం కావు. పొద్దున్నే నడవాలి, మూడు పూటలా తినాలి, వేళకి పడుకోవాలి. వారానికొకరికి చేత్తో థాంక్స్ ఉత్తరం రాయాలి. మొదటిది మా మెస్‌లో వంట చేసే రాణక్కకి రాశాను. నేను తినకుండా లేచిపోతే కంచం పట్టుకుని వెంటపడేది. రెండోది సరోజత్తకి. అమ్మ పోయిన నెలంతా మన పొయ్యి వెలిగించింది ఆమే కదా.

ఉంటాను,
రేవతి

తా.క. జవాబు రాస్తే కరపత్రంలా రాయకు. పుట్టినరోజుకి నువ్వు పంపిన శుభాకాంక్షలు చూసి మా రూమ్మేట్ లక్ష్మీప్రియ ఏదో ధర్నా అనుకుని నోటీసు బోర్డుకి అంటించింది.


మదనపల్లె,
గురువారం

రేవతికి,

చిరంజీవి అనే మాట శాస్త్రం ముందు నిలబడదు కాబట్టి వాడడం లేదు. బాగా బతుకు, చాలు.

నడక మంచిదే. తిండి అంతకన్నా మంచిది. నా గొడవ ఆ థాంక్స్‌తోనే. కష్టంలో ఉన్నవాణ్ణి పట్టుకుని, నీకున్నదానికి రుణపడి ఉండు అని చెప్పడం ఈ దేశంలో కొత్త కాదు. కరువు వచ్చిన ఏడు మా తాతకి ఊరి భూస్వామి కూడా అదే చెప్పాడు. కాకపోతే ఆయన దాన్ని థెరపీ అనలేదు. రాణికి నీ ఉత్తరం ఎందుకు? జీతం పెంచమని ఆమె తరఫున అడుగు. పని చేసినవాళ్ళకి థాంక్స్ చెప్పి పంపడం కన్నా చవకైన పద్ధతి ఇంతవరకూ ఏ యజమానీ కనిపెట్టలేదు.

ఇక మా సరోజక్క సంగతి. నీ ఉత్తరాన్ని లామినేషన్ చేయించింది. హాల్లో టీవీ పక్కన తగిలించి, కూరగాయల బండాయనని కూడా లోపలికి పిలిచి చదివిస్తోంది. నేను వెళ్తే జాలిగా చూసి, "నీకింకా రాలేదా నాయనా? వస్తాదిలే, పోస్టు లేటేమో" అంది. ఎదురింట్లో ఉంటూ ఆ జాలిని రోజూ భరిస్తున్నాను. ఆ ఉత్తరం నేను మూడుసార్లు చదివాను, విమర్శ కోసం. నెలంతా వండింది నిజమే. చారులో ఉప్పు ఒక్కరోజూ సరిగ్గా పడలేదు. ఆ సంగతి ఉత్తరంలో ఎక్కడా లేదు. చరిత్రను వక్రీకరించడం ఇలాగే మొదలవుతుంది.

నీ నాన్న,
వెంకటముని

తా.క. నువ్వు అకారాది క్రమంలో రాస్తున్నట్టయితే నాకు అభ్యంతరం లేదు. కానీ అందులో 'వ' వచ్చేది 'స' కన్నా ముందు.


కుప్పం,
ఆదివారం

నాన్నకు,

నీ కోపం అందింది.

థాంక్స్ చెప్పడానికీ హక్కు అడగడానికీ పోటీ ఎవరు పెట్టారు? రాణక్క జీతం గురించి మెస్ కాంట్రాక్టర్‌కి అర్జీ రాసింది మేమే. మొదటి సంతకం నాది. పోయిన సెమిస్టర్‌లో ఎవరైనా సంతకం పెట్టమంటే పెన్ను పట్టుకునే ఓపిక కూడా లేదు నాకు. తిని, నిద్రపోయి, నలుగురు నా వెనక ఉన్నారని కాగితం మీద రాసి చూసుకున్నాకే ఆ ఓపిక వచ్చింది. నీరసంతో పడి ఉన్నవాళ్ళ వల్ల ఏ ఉద్యమానికి లాభమో నువ్వే చెప్పు.

అకారాది క్రమం కాదు. మూడోది పుంగనూరు బస్టాండ్ ఎదురుగా టైలర్ షాపున్న అబ్దుల్ సత్తార్ గారికి రాశాను. పరీక్ష ఎగ్గొట్టి ఇంటికొస్తూ పుంగనూరులో బస్సు మారబోయి, ఆయన షాపు ముందు నిలబడి ఏడ్చేశాను. ఆయన స్టూలు తెచ్చి వేసి "కూసో మా" అన్నారు. తర్వాత గంటసేపు తన మోకాలి నొప్పి గురించీ, సొంత తమ్ముడు పెళ్ళి షేర్వానీ వేరే టైలర్ దగ్గర కుట్టించుకున్న ద్రోహం గురించీ చెప్పారు. నా గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఆయనకి ఆసక్తి లేదనుకుంటా. నాకు మాత్రం ఏడుపు ఆగిపోయింది. అప్పటినుంచి వచ్చినా పోయినా అక్కడ కాసేపు కూర్చుంటాను.

ఉంటాను,
రేవతి

తా.క. ఇంటికెప్పుడూ లేటుగా వస్తావేమని అడుగుతావు కదా, ఇదీ కారణం. లేటైనా ఇబ్బంది లేదు. సత్తార్ గారి అబ్బాయి మోసిన్ నా బ్యాగు తీసుకెళ్ళి బస్సులో కిటికీ సీటు పట్టి పెడతాడు.


మదనపల్లె,
గురువారం

రేవతికి,

ముందే ఒకటి స్పష్టం చేస్తున్నాను. సత్తార్ మీద నాకు కలిగిన అసూయ పూర్తిగా లౌకికమైనది. ఆయన పేరు సుబ్బన్న అయినా నాకు ఇంతే మండేది.

ఏమీ అడగకపోవడం అంత గొప్ప సుగుణమా? నేను అడిగాను. పరీక్ష ఎందుకు రాయలేదనీ, మళ్ళీ ఎప్పుడు రాస్తావనీ, ముందు ముందు సంగతేమిటనీ అడిగాను. అడిగినవాడికి ఏమీ లేదు, మోకాలి నొప్పి చెప్పినవాడికి ఉత్తరం. మోకాళ్ళు నాకు కూడా ఉన్నాయి.

నీ తాజా కలం మా అక్కకి చదివి వినిపించాను. కిటికీ సీటు దగ్గరికొచ్చేసరికి ఆమె పొయ్యి కట్టేసి కూర్చుంది. "మనోళ్ళకి మనం థాంక్స్ సెప్పుకుంటామా? ఆడబిడ్డ పేరుపేరునా సెప్తాండాదంటే యాడికో పోతాండాదని అర్థం. నాకు ఉత్తరం వచ్చినప్పుడే అనుకుంటిని" అంది. అప్పుడు లామినేషన్ ఎందుకు చేయించావని అడిగితే, జ్ఞాపకంగా ఉంటుందని అంది.

భయపడకు. నాకు ఏ అభ్యంతరమూ లేదు. అసలు ఈ రోజు కోసం ముప్పై ఏళ్ళుగా ఎదురుచూస్తున్నాను. మా టీచర్ల యూనియన్ మారప్ప కూతురు కులాంతర వివాహం చేసుకున్నప్పటినుంచి వాడు ప్రతి సభలోనూ నాకన్నా ముందు వరసలో కూర్చుంటున్నాడు. మైకు కూడా ముందు వాడికే ఇస్తున్నారు. ఇప్పుడు మనది మతాంతరం. ముందు వరస సంగతి ఇక చూద్దాం. నాకున్న బాధ ఒక్కటే. మీ అత్తకి అర్థమైపోయింది, టైలర్‌కి తెలిసిపోయింది, ఆ బస్సు కండక్టర్‌కి కూడా తెలిసే ఉంటుంది. ఇలాంటి తండ్రినై ఉండి కూడా నాకు చివర్లో తెలిసింది.

ఈ ఆదివారం పుంగనూరు వెళ్ళి వాళ్ళకి మన సమ్మతి తెలియజేస్తాను.

నీ నాన్న,
వెంకటముని

తా.క. రిజిస్టర్ పెళ్ళే. ఎవరూ మతం మారనక్కర్లేదు. భోజనాల్లో బిరియానీ పెడతామంటే సిద్ధాంతపరంగా ఇబ్బందేమీ లేదు.


కుప్పం,
శనివారం

నాన్నా,

క్షేమ సమాచారాలు తర్వాత. పుంగనూరు బస్సెక్కకు.

మోసిన్ అన్నకి పెళ్ళయి ఎనిమిదేళ్ళయింది. భార్య సఫియా అదే షాపులో కాజాలు కుడుతుంది. పెద్దపాప ఇరమ్ స్కూలుకి పోతోంది. ఆయన బస్టాండ్‌లో ముసలివాళ్ళకీ పిల్లతల్లులకీ అందరికీ అలాగే సీటు పట్టి పెడతాడు. నీ మైకు కోసం ఒక కాపురం కూల్చకు.

రేవతి

తా.క. లక్ష్మీప్రియ ఫోన్ నుంచి ఎన్నిసార్లు చేసినా తెలియని నంబరని నువ్వు ఎత్తడం లేదు, అందుకే స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. మేడమ్ ఊళ్ళో లేరు, బీరువా తాళం ఆమె దగ్గరే ఉంది. వెళ్తూ వెళ్తూ, ఆందోళన వస్తే కళ్ళు మూసుకుని అది ఎక్కడినుంచి వస్తోందో గమనించమని చెప్పారు. గమనించాను. మదనపల్లె నుంచి వస్తోంది.


మదనపల్లె,
అక్టోబరు, మంగళవారం

రేవతికి,

జవాబు ఆలస్యమైంది. నీ స్పీడ్ పోస్టు సోమవారం చేరింది. నేను ఆదివారమే వెళ్ళాను.

షాపులో అందరూ ఉన్నారు. నేను నిలబడే మాట్లాడాను. మాకు మతం అడ్డు కాదనీ, మోసిన్‌ని మా ఇంటి మనిషిగా స్వీకరిస్తున్నామనీ చెప్పాను. సఫియా సూది కింద పెట్టి మొగుడి వైపు తిరిగింది. "కిటికీ సీటా?" అని మాత్రం అడిగింది. ఆ గొంతు విన్నాక నేను పొరపడ్డానని అర్థమైంది. అపార్థం నాదేనని చెప్పాను. ప్రమాణం చేయమంది. నేను నాస్తికుణ్ణి, దేనిమీద చేసేది? రాజ్యాంగం మీద చేస్తానన్నాను. ఆమె ఒప్పుకోలేదు. ఆ పూట మోసిన్‌కి అన్నం పెట్టలేదని తెలిసింది. ఇప్పుడు పెడుతోంది. నేను వెళ్తే నాకు కూడా పెడుతోంది.

పరిహారంగా ఒక చొక్కా కుట్టమన్నాను. సత్తార్ టేపు వేసి, నా ఒంటి మీదున్న పాత చొక్కాను రెండు వేళ్ళతో పట్టి లాగి, "ఏమప్పా, ఇది నీ చొక్కానేనా? యాల ఇంత చిక్కిపోతివి?" అన్నాడు. నేను నిత్యావసరాల ధరల గురించి వివరించాను. తర్వాత కాలరు సరిగ్గా రాలేదు, మళ్ళీ వెళ్ళాను. చేతులు పొడుగయ్యాయి, మళ్ళీ వెళ్ళాను. వచ్చే ఆదివారం కూడా వెళ్ళాలి. గుండీల విషయంలో మాకు భిన్నాభిప్రాయాలున్నాయి.

అతను గొప్పవాడేమీ కాదు. రాజకీయ అవగాహన సున్నా. పేపర్లో సినిమా పేజీ తప్ప చదవడు. నీ ఉత్తరానికి అర్హుడేనా అంటే నాకింకా అనుమానమే. అందుకే మళ్ళీ మళ్ళీ వెళ్ళి పరిశీలిస్తున్నాను.

పరీక్షలు బాగా రాయి. హాలు గుమ్మం దగ్గర వెనక్కి చూడకు.

నీ నాన్న,
వెంకటముని

తా.క. మన పోస్ట్‌మ్యాన్ ఈ మధ్య నన్ను చూస్తే సందు మారుస్తున్నాడు. నేనేమీ వేధించలేదు. కుప్పం నుంచి వచ్చిన ఉత్తరాలు ఇంకెవరింట్లోనైనా ఇస్తున్నావా అని మర్యాదగానే అడిగాను.


కుప్పం,
నవంబరు, సోమవారం

నాన్నకు,

పరీక్షలు అయిపోయాయి. అన్ని పేపర్లూ రాశాను, ఒక్కదానికి కూడా మధ్యలో లేచి రాలేదు. ఫోన్ చేతికొచ్చింది. అయినా ఉత్తరమే రాస్తున్నాను, ఎందుకంటే ఫోన్లో అయితే మధ్యలో నువ్వు మాట్లాడతావు.

నిన్న సాయంత్రం సత్తార్ గారు కుప్పంలో వాళ్ళ చెల్లెలింటికి వచ్చి, నన్ను చూడ్డానికి హాస్టల్ గేటు దగ్గరికి వచ్చారు. పొట్లంలో సమోసాలు తెచ్చారు. నీ చొక్కా ఎప్పుడో అయిపోయిందట. పోయిన నెలే ఇచ్చేశారట. "మీ నాయన మంచోడు మా. వారం వారం వస్తాండాడు. మీ అమ్మ గురించి సెప్తా సెప్తా ఏడుస్తాడు. ఆయన ఏడిస్తే నాకూ ఏడుపొస్తాది. మేమిద్దరం ఏడుస్తాంటే గిరాకీ యాడ పారిపోతాదో అని మా సఫియా షట్టర్ సగానికి దించేస్తాది" అన్నారు.

నేను సమోసా మళ్ళీ పొట్లంలో పెట్టేశాను.

ఈ ఏడాదంతా నేను అమ్మ అని నోరు తెరిచినప్పుడల్లా నువ్వు ప్రైవేటు ఆసుపత్రుల దోపిడీలోకి వెళ్ళిపోయావు. దోపిడీ నిజమే, నేనూ ఒప్పుకుంటాను. కానీ నేను ఆసుపత్రి గురించి అడగలేదు. ఆమె నవ్వితే ఎలా ఉండేదో నీకూ గుర్తుందా అని అడిగాను. నువ్వు గణాంకాలు చెప్పావు. నీకు ఏడుపు రాదేమో అనుకున్నాను. నా ముందు రాలేదంతే. అది పుంగనూరులో వస్తుందట, ఆదివారాలు.

పైగా అమ్మ సంగతులు కూడా ఆయనకే చెప్పావు. పెళ్ళైన కొత్తలో నీ మీద కోపంతో పుట్టింటికి బయల్దేరి, చూసుకోకుండా బి.కొత్తకోట బస్సెక్కేసిందట. అక్కడ హైస్కూల్లో నువ్వు పాఠం చెప్తుంటే కిటికీ దగ్గరికొచ్చి, "టికెట్టుకి డబ్బులియ్యి. కోపం ఇంకా పోలేదు" అందట. పిల్లలంతా నవ్వితే తనూ నవ్విందట. ప్రమీలమ్మ నా అమ్మ. ఆమె గురించి నాకు తెలియనిది టైలర్‌కి తెలుసు. ఆయన మధ్యలో ఆపి, "ఇది నీకు తెలిసే ఉంటాదిలే మా" అన్నారు. తెలుసని అబద్ధం చెప్పాను.

ఆయన వెళ్ళాక నాకు కృతజ్ఞత కలగాలి. కలగలేదు. ఒళ్ళు మండిపోయింది. ఇన్నాళ్ళు నడిచి, తిని, నిద్రపోయి, ఉత్తరాలు రాసి సంపాదించుకున్న మనశ్శాంతి అంతా ఒక్క సాయంత్రంలో పోయింది. లక్ష్మీప్రియ నీళ్ళు తాగమంది. ఆమెతో కూడా మాట్లాడడం లేదు.

నీకెందుకు రాయలేదో ఇప్పుడు చెప్తాను. మేడమ్ పెట్టిన నియమం ఒక్కటే, లోపల కోపం దాచుకుని పైకి థాంక్స్ రాయకూడదు. కాగితం మీద నీ పేరు రాసి, కోపం పోయిందేమో అని చాలాసార్లు చూసుకున్నాను. పోలేదు. నిన్నటితో ఇంకా పెరిగింది. ఈ కోపం ఉత్తరాలతో తీరేది కాదు. శనివారం పొద్దున డైరెక్టు బస్సుకి వస్తున్నాను. పుంగనూరులో దిగను.

అసూయతో,
నీ కూతురు రేవతి

తా.క. అమ్మ సంగతులు ఇంకా మిగిలుంటే ఆయనకి చెప్పకు. నేను వచ్చేదాకా ఇంకెవరి దగ్గరా ఏడవకు.