తలుపు వైపు తిప్పిన బల్ల

చిరంజీవి తమ్ముడు రాజేశానికి,

అక్క దీవెనలు. నీ షుగరూ మరదలి మోకాళ్ల నొప్పులూ ఒకదానితో ఒకటి పోటీ పడకుండా ఉన్నాయని తలుస్తాను. మనవరాలు రజితకు తోడుగా పట్నంలోని గౌలిపురకు వచ్చిన నేను బాగానే ఉన్నాను. ఇక్కడ పాలు చిక్కన, పలకరింపులు పలుచన. ఎవరైనా వస్తుంటే పచ్చజొన్నలు పంపు. నా గురించి దిగులు పడకు.

దిగులంతా రజిత గురించే. ఆసుపత్రిలో రోగి తాలూకు మనిషొకడు వెనుక నుంచి వచ్చి, జుట్టు పట్టి లాగి కొట్టాడు. పోలీసు కేసు అయింది. అప్పటి నుంచి గిన్నె పడినా ఉలిక్కిపడుతోంది. ఇష్టపడి నేర్చుకున్న నర్సు పని మానేస్తానంటోంది.

ఇంతలో కొత్త ఇన్‌ఛార్జి సిస్టర్ నస్రీన్ బిస్కెట్లు పట్టుకుని ఇంటికి వచ్చింది. నాకు వెంటనే అనుమానం వచ్చింది. బడి నడిపినదాన్ని కదా, పైవాళ్లు తీయగా మాట్లాడారంటే ఎక్కడో సంతకం అడుగుతారు.

"కేసు వాపస్ తీసుకొమ్మననీకి వచ్చినవా బేటీ?"

"లేదమ్మమ్మా. కేసు ఆసుపత్రే నడిపిస్తది. ఠాణాకు రజిత ఎంబడి నేనుంట."

"మరి రాజీనామా రాయించుకోనీకా?"

ఆమె నవ్వింది. "మిమ్మల్ని గేటు కాడ కూసోబెడితే ఆ మనిషి లోపలికే రాకపోతుండె!"

వాడెందుకు కొట్టాడు, నువ్వేమన్నావు అని నస్రీన్ రజితను అడగలేదు. నేను రోజూ అడుగుతున్నది అదే. ఆమె మాత్రం, "నీకేం గావాలె?" అని ఊరుకుంది.

అప్పుడు చెప్పింది రజిత. "డ్యూటీ బల్ల గోడ దిక్కున్నది మేడం. రాసుకుంట కూసుంటే ఎనక ఎవరొస్తున్నరో కనవడది."

బల్ల తిప్పిస్తానని నస్రీన్ మాటిచ్చింది. హామీలు నేనూ చాలా చూశాను. మరునాడు బిస్కెట్లకు బదులు సకినాలిచ్చే నెపంతో వార్డుకు వెళ్లాను. బల్ల తలుపు వైపు తిరిగి ఉంది. డ్యూటీ మారే వేళ నస్రీన్ రోగుల సంగతి ఎత్తకముందే ఒక్కో నర్సునూ "నువ్వెట్లున్నవ్?" అని అడిగింది. ఒకామె "మంచిగ లేను మేడం" అంటే మారుమాట లేకుండా ఇంకో నర్సును తోడు ఇచ్చింది. నా కోసం ఆడిన నాటకం అనుకుందామంటే, నేను స్తంభం వెనుక ఉన్నాను.

సోమవారం రజిత డ్యూటీకి వెళ్లింది. ముఖం పాలిపోయింది, అయినా వెళ్లింది. నస్రీన్ మంచితనం ఎన్నాళ్లుంటుందో నేను కనిపెట్టుకునే ఉంటాను.

ఇంట్లో అన్నం తినేటప్పుడు రజిత వీపు తలుపు వైపు ఉండేది. ఇప్పుడా చోట నేను కూర్చుంటున్నాను.

"జాగ ఎందుకు మార్చినవ్ అమ్మమ్మా?"

"ఫ్యాన్ గాలి గిటే మంచిగొస్తున్నది, తిను."

నమ్మినట్టు లేదు. నా మనవరాలే కదా.

పెద్దవదిన కాళ్లకు నా దండం. పిల్లకు ఆమె దీవెన అడిగి పంపు.

ఇట్లు,
తలుపుకు వీపు పెట్టి భోంచేస్తున్న నీ అక్క
సుశీల