నిచ్చెన ఎక్కిన తల్లి ఎలుగు

సువార్తక్కా,

సంతోషం పట్టలేక నీ నంబరు నొక్కేశాను. ఆ తర్వాత గుర్తొచ్చింది, నువ్విక లేవని. అందుకే రాస్తున్నాను. మన ఈపూరు చేలల్లోని గోడలేని బావిలో ఈ ఉదయం ఎలుగుబంటి పడింది. దాని వీపు మీద పిల్ల కూడా ఉంది!

మూడేళ్ల కిందట అదే బావిలో పడిన ఎలుగును జనం రాళ్లతో కొడుతుంటే నువ్వు అడ్డం వెళ్లావు. నేను భయపడి నీ వెంట రాలేదు. నీ నుదురు పగిలింది తాపీమేస్త్రి కోటయ్య బాబాయి విసిరిన రాయితోనే. ఆ ఎలుగు బతకలేదు. "కొండను తవ్వి, వాగును ఎండబెట్టింది మనమే. నీళ్లకోసం అవి ఎక్కడికి పోతాయి?" అని ఆ తర్వాత రోజూ బడిలో పాఠాలు చెప్పి వచ్చాక ఇంటింటికీ తిరిగి చెప్పావు.

ఇవాళా కొందరు రాళ్లు ఏరుకున్నారు.

"ఒరేయ్, ఏందిరా ఆ రాళ్లు? టీచరమ్మ చెప్పింది మర్చిపోయారా?"

అలా అరిచింది ఎవరనుకున్నావు? కోటయ్య బాబాయే!

అటవీ శాఖ వాళ్లు వచ్చి, బాబాయి నిచ్చెనకే తాళ్లు కట్టి బావిలోకి దించారు. మేమంతా దూరంగా ట్రాక్టర్ ఎక్కి ఊపిరి బిగబట్టాం.

"ఎక్కు తల్లీ, నిదానంగా ఎక్కు" అని బాబాయి నా పక్కన గొణుగుతూనే ఉన్నాడు.

ముందు మూతి కనిపించింది. తర్వాత వీపును కరుచుకున్న పిల్ల. తల్లి ఒక్కసారి ఒళ్లు విదిలించుకుని కొండవైపు పరుగు తీసింది. ఊరంతా ఈలలే అక్కా!

సాయంత్రమే బాబాయి బావి చుట్టూ గోడ మొదలుపెట్టాడు. ఇసుక నేనే మోశాను. చేతులు బొబ్బలెక్కాయి. పొద్దున్నే మళ్లీ వెళ్తాను.

నీ చెల్లెలు,
రూతు