సేవ్ చేయలేని ఆట

ఆదివారం, లీసెస్టర్

చారిటీ షాపులో కొన్న పాతకాలపు కంప్యూటర్‌తో పొద్దుటి నుంచీ మా అమ్మాయి హాసిని ఒకటే ఆట. గది నుంచి గదికి దూకుతూ దారి వెతుక్కోవాలి. మధ్యలో సేవ్ చేసుకునే వీల్లేదు. పిల్ల అన్నానికి లేవగానే మా అమ్మ అలవాటుకొద్దీ గోడ దగ్గర స్విచ్ కట్టేసింది.

"కరెంటు దండగని కట్టేశానే తల్లీ! మళ్లీ మొదట్నుంచా?"

"ఇట్స్ ఫైన్, నానమ్మా. ఐ నో ద వే నౌ."

ఆట ఉన్న క్యాసెట్ కీచుమంటూ మళ్లీ లోడయింది. పూటంతా పట్టిన గదులన్నీ మేం టీ తాగేలోపే దాటేసింది.

శుక్రవారం నా ఉద్యోగం పోయిందని ఇంట్లో ఇంకా చెప్పలేదు. నాకూ ఇది మళ్లీ మొదట్నుంచే.

దాని ఆటలో గదులు ఎక్కడివక్కడే ఉన్నాయి. పదిహేనేళ్ల కిందట ఈ దేశంలో ఉద్యోగం వెతుక్కుంటూ నేను దాటొచ్చినవి ఇంకా అక్కడే ఉంటాయా...